నీలం మఫ్లరు

రాజమండ్రి,
ఆదివారం

చి॥ నానికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు ఫరవాలేదు. నువ్వు మూడు వారాలుగా ఫోను చెయ్యలేదని ఈ ఉత్తరం రాయడం లేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. నువ్వు మళ్ళీ వియన్నా వెళ్ళావని బుజ్జి ఫొటో చూపించింది. 32 ఏళ్ళు డ్రాయింగు మాష్టారుగా చేసినవాణ్ణి, బొమ్మల మాట వస్తే చెయ్యి ఊరుకోదు.

బ్రూగెల్ వేసిన 'మంచులో వేటగాళ్ళు' ముందు నిలబడ్డావు. సంతోషం. కానీ దానికి వీపు పెట్టి నిలబడితే ఎలారా? 1565 నాటి బొమ్మ అది. అమ్మ అయితే బొమ్మనీ చూడలేదు, నిన్నూ చూడలేదు, నీ మెడ చూసింది. "మఫ్లరు ఏదండీ? జనవరి చలిలో బోసి మెడతో తిరుగుతున్నాడా?" అని నా మీద పడింది. నాకు మాత్రం ఫొటో కుడి అంచున, ఎవరిదో సగం భుజం మీంచి వేలాడుతున్న నీలం ఊలు కుచ్చులు కనిపించాయి. అమ్మకి చెప్పలేదు. మ్యూజియం అన్నాక వందమంది వస్తారు, నీలం మఫ్లర్లు ఎంతమందికి ఉండవు!

ఈసారి వెళితే ఆ బొమ్మలో ఎడమ పక్క సత్రం బోర్డు చూడు. ఒక కొక్కెం ఊడి వంకరగా వేలాడుతుంటుంది. వేటగాళ్ళు ముగ్గురు, కుక్కలు బోలెడు, దొరికింది ఒక్క నక్క. ఒక్కడి మొహమూ కనిపించదు. ఆ వంగిన వీపులూ, కుక్కల వాలిన తలలే ఎంత అలసిపోయారో చెబుతాయి. మొహం గీయడం రాకపోతే వీపు గీయండర్రా అని క్లాసులో పిల్లలకి చెప్పేవాణ్ణి. దూరంగా ఎవరింటి పొగగొట్టమో అంటుకుంటే నిచ్చెన వేసి ఆర్పుతుంటారు, గోరంత బొమ్మ. అది దొరికేదాకా అక్కడి నుంచి కదలకు.

అదే గదిలో పల్లెటూరి పెళ్ళి బొమ్మ కూడా ఉంది, గుర్తుందా? గది తలుపు ఊడదీసి, దాని మీద జావ గిన్నెలు పెట్టి ఇద్దరు మోసుకొస్తుంటారు. తిత్తి వాయించేవాడు వాయించడం మానేసి ఆ గిన్నెల వంకే చూస్తుంటాడు. మన బంతి భోజనాల దగ్గర సన్నాయి మేళం వాళ్ళ చూపే అది. పెళ్ళికూతురు ఆకుపచ్చ గుడ్డ ముందు చేతులు కలిపి కూర్చుంటుంది. పెళ్ళికొడుకు ఎవరో మాత్రం పండితులు ఈనాటికీ తేల్చలేకపోయారు. కన్నవాళ్ళకి మటుకు తెలిసే ఉంటుందని నా నమ్మకం.

పెద్దాపురం అత్తయ్య ఏదో అంది. వాళ్ళ పండు మ్యూనిక్ స్టేషన్లో నిన్ను చూశాడట, పలకరించబోతే నువ్వు మాటల్లో ఉన్నావట. అత్తయ్య మాటలు నేను పట్టించుకోను. వీణ అమ్మిన గొడవలో చూశాంగా.

మ్యూజియంలో అన్నీ చూసెయ్యాలని పరిగెత్తకు. పూటకి మూడు బొమ్మలు చాలు. దామెర్ల రామారావు గ్యాలరీకి నిన్ను సైకిలు మీద తీసుకెళ్ళినప్పుడూ మూడే చూసి వచ్చేసేవాళ్ళం. 28 నిండకుండానే పోయిన మనిషి వేసినవి, మూడు చూసినా కడుపు నిండేది. ఏదైనా సరే, కూర్చుని, నిదానంగా, నలుగురినీ సంప్రదించి... లెక్చరు వద్దనుకుంటూనే మొదలెట్టాను. గురువారం ఆ వియన్నా మ్యూజియం రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది, అది చెబుదామని.

కచేరీకి వెళ్ళావా? మేం వచ్చినప్పుడు ఆ బంగారు హాల్లో, సింఫనీ మొత్తం అయ్యేదాకా ఆగకుండా, ఒక భాగం అవగానే నేను చప్పట్లు కొట్టేసిన సంగతి నీ దగ్గరే ఉంచుకో. ఎవరికైనా చెప్పేశావేమో! తొడ మీద తాళం వేస్తే కూడా పక్కాయన నా చేతి వంకే చూశాడు. 1870లో తెరిచిన హాలది, నేల కింద అంతా గుల్ల. అమ్మ కళ్ళు మూసుకుని, "తంబూరా బుర్రలో కూర్చున్నట్టుందండీ" అంది.

ఒపేరాలో జరిగింది నీకు పూర్తిగా తెలీదు. టికెట్లు చేతిలో పెట్టి, ఆఫీసు ఫోనని బయటికి వెళ్ళావు కదా. (ఆ ఫోను ఎవరిదో నేను ఆ రోజూ అడగలేదు.) నుంచునే టికెట్లవాళ్ళు రైలింగుకి ఏదో ఒక గుడ్డ కట్టి చోటు పట్టుకోవచ్చన్నారు. కోటిపల్లి బస్టాండులో కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టినట్టే! అమ్మ చోటుకి నీ నీలం మఫ్లరు, నీ చోటుకి అమ్మ శాలువా, నా చోటుకి నా తుండు కట్టాం. కాఫీ తాగి వచ్చేసరికి నీ చోట్లో తాడిచెట్టంత ఆయన నిలబడి ఉన్నాడు. నాకు టెన్షన్. అమ్మ మాత్రం తిన్నగా వెళ్ళి, "బాబూ, అది మావాడి చోటు" అని తెలుగులోనే చెప్పి ముడి చూపించింది. ఆయన ముడి చూశాడు, తల వంచి పక్కకి జరిగాడు. ఇంటర్వెల్లో వరండాలో అమ్మ సంచీలోంచి జంతికలు తీసి ఆయనకి పెట్టింది. ఒకటి తిని, రెండోది అడిగి తీసుకున్నాడు. ఆట అయ్యాక మెట్లు దిగుతుంటే, "అయ్యో, మఫ్లరు!" అంది అమ్మ. పరిగెత్తుకు వెళితే జనమంతా ఖాళీ. ఆయనొక్కడూ ఆ ముడి పక్కనే, విప్పకుండా, కాపలా ఉన్నాడు. ట్రామ్ ఎక్కే ముందు దాన్ని నీ మెడకి చుట్టింది అమ్మే.

ఆ రోజు కథేమిటో నువ్వు మర్చిపోయి ఉంటావు. మొజార్ట్ 'మేజిక్ ఫ్లూట్', 1791లో ఆ ఊళ్ళోనే మొదట ఆడారు. రాకుమారుడు అమ్మాయి బొమ్మ చూసే మనసు పారేసుకుంటాడు. నేనేమీ అనడం లేదు, బొమ్మలకి అంత శక్తి ఉంది. పిట్టలు పట్టేవాడు అబద్ధమాడితే నోటికి తాళం వేస్తారు. వాడు "ఊఁ ఊఁ" అంటూ పాడుతుంటే అమ్మ పడి పడి నవ్వింది. కాసేపటికి ఆ తాళం తీసేస్తారు. నీ నోటికి ఎవరు వేశారో గానీ మూడు వారాలైంది.

అన్నం వండుకుంటున్నావా? బూట్లలో తడి చేరితే రాత్రి పాత పేపరు ఉండలు చుట్టి కుక్కు.

నిన్న అమ్మ బుజ్జి ఫోను తీసుకుని ఫొటో పెద్దది చేసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం మెయిన్ రోడ్డుకి వెళ్ళి నాలుగు ఉండలు నీలం ఊలు తెచ్చి, రాత్రికి జానెడు అల్లింది. ఇది నీకట, పాతది తిరిగి అడగొద్దంది. ఇంకోటి కూడా అల్లుతుందట. దానికి ఏ రంగు కావాలో కనుక్కుని రాయమంది.

నాన్న