మన రైతు సంఘం వార్షిక నివేదిక: వరి, మక్క, జొన్న చేలల్లో కలుపు, తెగుళ్లు, పురుగుల మీద ఈ ఏడాది పని

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల కాగితం రైతు వేదిక గోడకు అంటించాం. చూడనివాళ్లు వెళ్లి చూడండి, అడగాల్సింది ఉంటే కోశాధికారిని మొహమాటం లేకుండా అడగండి. ఈ నివేదికలో చేలల్లో ఏం జరిగింది, మనం ఏం చేశాం, ఎక్కడ ఆలస్యం చేశాం అన్నదే రాస్తున్నాను.

ఏడాది మొత్తంలో మనం చేసిన పెద్ద పని శుక్రవారం నడక. పొద్దున ఆరింటికి తూము దగ్గర కలవడం, ఆ వారం వంతు వచ్చినవాళ్ల పొలంలో ఐదు చోట్ల దిగడం, దుబ్బులు విడదీసి చూడటం, కనిపించింది నోటుబుక్కులో రాయడం. మందు ముచ్చట ఆ తర్వాతే. మొదట్లో ఐదారుగురమే వెళ్లేవాళ్లం. "ఒడ్డు మీద నిలబడితే కనబడదా, బురదలో దిగాల్నా?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఒడ్డు మీది నుంచి కనబడదు. ఆ సంగతి వరి కాండం రసం పీల్చే సుడిదోమ మనకు చూపించింది.

దసరాకు వారం ముందు, కాల్వ చివరి తూము కింద ఒక సన్నవడ్ల మడి. పైనుంచి చూస్తే పచ్చగా, ఏపుగా ఉంది. పచ్చదనం చూసి మురిసి ఆ సభ్యుడు ఇంకో బస్తా యూరియా కూడా చల్లి ఉన్నాడు. నాలుగడుగులు లోపలికి వేసి ఒక దుబ్బును రెండు చేతులతో విడదీశాం. దుబ్బు మొదలు దగ్గర, నీళ్లకు వేలెడు పైన, గోధుమ రంగు పురుగులు గుంపుగా కాండానికి అతుక్కొని ఉన్నాయి. దుబ్బును అరచేత్తో తట్టితే జలజలా నీళ్ల మీద రాలి, అడ్డంగా జరుగుతూ మళ్లీ కాండం ఎక్కాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దాటాక ఆపేశాం. ఈనే దశలో దుబ్బుకు ఇరవై, ఇరవై ఐదు ఉంటేనే మందు వేయాల్సిన పరిస్థితి. పిలకల దశలో అయితే పది, పదిహేనుకే.

ఆ పొలం దక్కింది. వెంటనే నీళ్లు తీసేసి, మడిని ఆరగట్టి, వరిని రెండు వైపులా పక్కకు వంచి పాయలు తీశాం. లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున పైమెట్రోజిన్ కలిపి దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టించాం. పైపైన ఆకుల మీద కొట్టి ఉంటే పురుగుకు తగిలేదే కాదు.

దానికి రెండు మళ్లు అవతల ఉన్న పొలం దక్కలేదు. ఆ సభ్యుడు అంతకుముందే ఆకుముడతకని ఒక షాపులో మూడు డబ్బాలు తెచ్చి ఒకే ట్యాంకులో కలిపి కొట్టాడు. ఆ మూడింటిలో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు. దానితో సాలీళ్లు, దోమను తినే మిరిడ్ నల్లులు చచ్చాయి. తినేవాళ్లు లేక దోమ రెట్టింపయ్యింది. పది రోజుల్లో సుడులు సుడులుగా చేను మాడి, పడిపోయింది. కోత మిషన్ దింపినా డీజిల్ ఖర్చు కూడా రాదని ఆ ముక్కను పశువులకు వదిలేశాడు. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాం గానీ ఎవరికీ మాట రాలేదు. బిల్లు అడిగాం, లేదు. బిల్లు లేనందుకు ఎక్కడికీ పోలేకపోయాం. అందుకే సభలో తీర్మానం చేసుకున్నాం: ఏ మందు కొన్నా బిల్లు తీసుకోవాలి, ఖాళీ డబ్బాను పంట చేతికొచ్చేదాకా పారేయొద్దు. ఇది ప్రతి ఇంట్లో పాటించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

యాసంగి నాట్లప్పుడు కాలిబాటలు తీయించాం. ప్రతి రెండు మీటర్లకు ఎనిమిది అంగుళాల బాట, తూర్పు పడమరలుగా. గాలి, ఎండ మొదళ్ల దాకా పోతే దోమ నిలవదు, పొడ తెగులూ తగ్గుతుంది, మందు కొట్టే మనిషికి నడవడానికి దారి ఉంటుంది. నాట్లేసే అక్కలు మొదటి రోజు ఒప్పుకోలేదు. గుత్త పని, ఆగి ఆగి కొలిస్తే వాళ్లకు గిట్టదు. చివరికి వాళ్లలో పెద్దామెనే ఉపాయం చెప్పింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రెండు తాళ్లు కట్టండి, తాళ్ల నడుమ మేం నాటం అంది. అంతే, కొలత గొడవ పోయింది. తాళ్లు ఇప్పుడు సంఘం దగ్గరే ఉన్నాయి, కావాల్సినవాళ్లు తీసుకుపోవచ్చు. బాట తీస్తే ఆ మేరకు దుబ్బులు తగ్గుతాయి కదా అనే అనుమానం చాలామందికి ఉంది. బాటకు రెండు పక్కలా ఉన్న దుబ్బులు ఎలా పిలకలేశాయో యాసంగిలో తీసినవాళ్ల పొలంలోకి వెళ్లి చూడండి.

కలుపు సంగతికి వస్తే, మన ఊరి కష్టం సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో ముడిపడి ఉంది. వారబందీలో నీళ్లు కొన్ని రోజులు వస్తాయి, కొన్ని రోజులు ఆగుతాయి. నాటిన మూడు నుంచి ఐదు రోజుల లోపు ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందు ఎకరాకు 500 మి.లీ. ఇరవై కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లుతాం కదా, అప్పుడు మడిలో పలచగా నీళ్లు నిలిచి ఉంటేనే అది పనిచేస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కాల్వ బందయితే నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోంచి ఊద గడ్డి లేస్తుంది. వానాకాలంలో చివరి ఆయకట్టు వాళ్లకు జరిగింది ఇదే. మందు నకిలీదని కొట్లాటకు పోయారు గానీ, నోటుబుక్కు తిరగేస్తే నీళ్లు లేని రోజులూ, మందు చల్లిన రోజులూ ఒకటే. కాబట్టి ఇకముందు కాల్వ నీటి తేదీలు చూసుకొని నాటు పెట్టుకుందాం. కుదరనివాళ్లు బోరు ఉన్న పక్క రైతును రెండు తడులు అడగండి. ఇచ్చినవాళ్ల పేర్లు సభలో చదివి చప్పట్లు కొట్టాం, మళ్లీ కొడతాం.

ముందు మందు తప్పిపోతే పదిహేను, ఇరవై రోజులకు, కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మి.లీ. అప్పుడు మాత్రం నీళ్లు తీసేసి కొట్టాలి, తర్వాత రెండు రోజులకు నీళ్లు పెట్టాలి. ఊద ముదిరాక కొడితే డబ్బులు బురదలో పోసినట్టే.

అసలు ఊద సగం మన చేతులతో మనమే నాటుతున్నాం. నారులో కలిసిపోయి వరి లాగే ఉంటుంది. దీన్ని ఎలా గుర్తుపట్టాలో నారుమడి దగ్గర ఒక అవ్వ మనందరికీ చూపించింది. ఒక నారు మొక్క, ఒక ఊద మొక్క పక్కపక్కన పట్టుకొని, ఆకు కాండాన్ని కలిసే చోట గోటితో వెనక్కి వంచింది. వరికి అక్కడ తెల్లని పలచటి పొర, నూగు ఉన్న చిన్న చెవులు ఉన్నాయి. ఊదకు నున్నగా, ఏమీ లేదు. వ్యవసాయ విస్తరణ అధికారి కూడా ఇదే గుర్తు చెప్తారు, అవ్వ మాత్రం వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుందట. వచ్చే సీజన్ నారుమడి రోజున ఆమెను పిలిచి పిల్లలకు కూడా చూపించమని అడిగాం, సరేనంది.

కలుపు వల్లనే ఇద్దరు సభ్యుల మధ్య గొడవ కూడా వచ్చింది. ఒకాయన వరిలో వెడల్పాకు కలుపుకని 2,4-డి కొట్టి, అదే పంపును పైపైన కడిగి పక్కాయనకు ఇచ్చాడు. ఆయన దాంతో పత్తిలో పేనుబంకకు మందు కొట్టుకున్నాడు. వారంలో పత్తి లేతాకులు సన్నగా చీలికలై, ముడుచుకుపోయి, పూత రాలింది. పత్తికి ఆ మందు వాసన కూడా పడదు. గాలికి కొట్టుకొచ్చినా చాలు. పెద్దమనుషుల ముందు కూర్చుని నష్టం ఇద్దరూ పంచుకున్నారు, మాటలు మళ్లీ కలిశాయి, దానికి ఇద్దరికీ దండం పెడుతున్నాను. ఆ తర్వాత సంఘం డబ్బుతో కలుపు మందుకు మాత్రమే ఒక పంపు కొని, దాని పట్టీకి ఎర్ర గుడ్డ కట్టాం. ఆ పంపును వేరే దేనికీ ఇవ్వం. అడిగి మమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దు.

మొగి పురుగు యాసంగిలో ఎక్కువ బాధపెట్టింది. పిలకల దశలో మొవ్వ ఎండటం, ఈనాక తెల్ల కంకి రావడం, రెండూ ఒకే పురుగు పని. తెల్ల కంకి కనిపించాక ఏ మందూ తాలును గింజ చేయలేదు. కనుక పని నారుమడి నుంచే మొదలుకావాలి. నారు పీకే వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాముల చొప్పున కార్బోఫ్యురాన్ 3జి గుళికలు పలచటి నీళ్లలో చల్లడం, నాటే ముందు నారు కట్టల కొసలు తుంచేయడం. తుంచిన కొసలను వెలుతురులో పట్టి చూస్తే మీకే తెలుస్తుంది: ఆకు చివర గోధుమ రంగు నూగు కప్పుకొని, చిన్న మచ్చలా గుడ్ల ముద్ద అంటుకొని ఉంటుంది. దాన్ని మడిలోకి తీసుకుపోకుండా ఒడ్డు మీదే ఆపేశామన్నమాట. మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు ఎకరాకు మూడు పెట్టినవాళ్లు రోజూ పడిన రెక్కల పురుగులను లెక్కపెట్టి గ్రూపులో రాశారు. పిలకల దశలో చదరపు మీటరుకు ఒక తల్లి పురుగో, ఒక గుడ్ల ముద్దో కనిపించిన పొలాల్లోనే ఎకరాకు ఎనిమిది కిలోల కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు వేశాం. మిగతావాళ్లు వేయలేదు. వాళ్లకు ఖర్చు మిగిలింది, పంటకు ఏమీ కాలేదు.

అగ్గితెగులు గురించి. యాసంగిలో రాత్రి చలి, పొద్దున మంచు, పైన యూరియా ఎక్కువ పడటం, ఈ మూడూ కలిస్తే అది వచ్చి కూర్చుంటుంది. ఆకు మీద నూలుకండె ఆకారంలో, నడుమ బూడిద రంగు మచ్చ. మెడ దగ్గర పట్టిందంటే కంకి అక్కడే విరుగుతుంది. సాంబమసూరి పెట్టినవాళ్లు రెండుసార్లు కొట్టారు. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోన పెట్టినవాళ్లకు ఆ టెన్షన్ తక్కువ, ఎందుకంటే ఆ రకానికి అగ్గితెగులును తట్టుకునే గుణం ఉంది. సాంబమసూరి బియ్యం రుచి వదులుకోలేమని కొందరు అంటారు. నాకూ ఆ అన్నమే ఇష్టం. కానీ పెడితే విత్తనశుద్ధి తప్పకుండా చేయండి: కిలో విత్తనానికి లీటరు నీళ్లు, గ్రాము కార్బండజిమ్, ఒక రోజంతా నానబెట్టాలి. మచ్చ కనిపించగానే లీటరుకు 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ గానీ, 1.5 మి.లీ. ఐసోప్రోథయోలేన్ గానీ. రెండూ కలిపి కాదు.

ఎండాకు తెగులు మాత్రం వేరు. అది బాక్టీరియా. గాలివాన వెలిసిన నాలుగు రోజులకు ఆకు అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగుతూ వస్తే, అగ్గితెగులు మందులు దాని మీద పనిచేయవు. తెలియక కొట్టినవాళ్లు ఈసారి కూడా ఉన్నారు. చేయాల్సింది యూరియా ఆపడం, మడిలో నీళ్లు తీసేయడం, తెగులు ఉన్న మడి నీళ్లు కింది మడిలోకి వదలకపోవడం. సాంబమసూరిలోనే ఈ తెగులును తట్టుకునే మెరుగైన రకం 2008లో విడుదలైంది. వచ్చే వానాకాలానికి ఆ విత్తనం కోసం కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో (కేవీకే) అడగాలని అనుకున్నాం.

జడ్చర్ల వైపు చుట్టాలున్న సభ్యులు మనలో కొందరున్నారు. వాళ్లతో కలిసి అక్కడి మక్క చేలు చూసొచ్చాం. మక్కకు పట్టే కత్తెర పురుగు 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర కనిపించింది, ఆ ఏడాదే మన తెలంగాణకూ వచ్చింది. మక్క మొవ్వు సుడిలో రంపపు పొట్టులా రెట్ట కనిపిస్తే అక్కడ పురుగు ఉన్నట్టే. తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు దాని గుర్తు. చిన్నప్పుడే పట్టుకుంటే వేప మందుతో, లీటరుకు 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్‌తో లొంగుతుంది. పెద్దదై సుడిలో దాక్కుంటే పిచికారీ దానికి తగలదు. పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం తడిపి ఒక రోజు పులియబెట్టి, వేసే అరగంట ముందు వంద గ్రాముల థయోడికార్బ్ కలిపి సాయంత్రం పూట సుడుల్లో వేయాలి. కలిపేటప్పుడు చేతికి గ్లౌజులు ఉండాలి, పశువులను, కోళ్లను చేను దగ్గరికి రానీయొద్దు. మన దగ్గర మక్క తక్కువే గానీ, చెల్క భూముల వాళ్లు పెంచుతామంటున్నారు, అందుకే ఇంత రాశాను.

జొన్న తిండికి, సొప్పకు మాత్రమే వేస్తున్నాం. జొన్న మల్లె అనే కలుపు కనిపించిన చేలల్లో పూత రాకముందే పీకేయండి. అది జొన్న వేళ్ల మీద పడి బతుకుతుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి ఏళ్ల తరబడి నేలలో ఉంటాయి. మొవ్వు ఈగ తప్పాలంటే జూలై సగంలోపే విత్తాలి. మిగతా సంగతులు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లినప్పుడు అడుగుదాం.

మందు కొడుతూ ఒక సభ్యుడు పొలంలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. మధ్యాహ్నం ఎండ, ఒంటి మీద బనీను తప్ప ఏమీ లేదు, గాలికి ఎదురు నడుస్తూ కొట్టాడు. బట్టలు విప్పించి, ఒళ్లంతా సబ్బుతో కడిగి, డబ్బా చేతిలో పెట్టుకొని ఆస్పత్రికి తీసుకుపోయాం. డబ్బా చూపిస్తేనే డాక్టరుకు ఏ విషమో తెలుస్తుంది. దేవుడి దయవల్ల బతికాడు, ఆయన బిడ్డ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. మాస్కులు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కాలు సంఘం దగ్గర ఉన్నాయి. వాడినాక ఉతికి ఇవ్వండి. పది దాటాక ఎవరూ పంపు ఎత్తొద్దు.

వచ్చే వానాకాలం నార్లు వీలైనంత వరకు అందరం ఒక వారం తేడాలోనే పోద్దాం. ఒకరిది ముందు, ఒకరిది వెనక అయితే పురుగుకు ఏడాదంతా మేత దొరుకుతుంది. యాసంగి కొయ్యకాళ్లు కాల్చకుండా దున్నించాలని కూడా తీర్మానమైంది. ట్రాక్టరు కిరాయి అందనివాళ్లు నాకు చెప్పండి, ఇద్దరు ముగ్గురిని కలిపి మాట్లాడతాను.

మొదటి నడక మృగశిర కార్తె పెట్టాక వచ్చే శుక్రవారం, పొద్దున ఆరింటికి, చివరి తూము దగ్గర. పాత నోటుబుక్కు నిండిపోయింది, కొత్తది నేను తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి