గ్రీకు సువార్తల పుస్తకం ముందు కూర్చునే ముందు

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. 12వ శతాబ్దపు గ్రీకు సువార్తల పుస్తకం నీ చేతికి రాబోతోందనీ, మూడు రోజులు టైమిచ్చారనీ, వెళ్లగానే మత్తయి మొదటి అధ్యాయం పట్టుకుంటాననీ రాశావు. ఆ చివరి ముక్క మాత్రం మార్చుకోరా. మొదటి పూటంతా పుస్తకం మూసే ఉంచు. రాత ఎక్కడికీ పోదు, తర్వాత ఫొటోల్లో చదువుకోవచ్చు. బైండింగ్ సంగతి వేరు. ఎవరో ఒకరు బాగుచేస్తానని విప్పి మళ్లీ కుట్టారంటే ఎనిమిది వందల ఏళ్ల సాక్ష్యం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. ‘గ్రంథం’ అన్న మాటకే కట్టడం, ముడివేయడం అని అర్థం కదా, ఆ ముడిని ముందు చూడు.

నీ దగ్గరున్న గట్టి అట్ట పుస్తకం ఏదైనా తీసి చూడు. అట్ట మూడు వైపులా కాగితాల కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. గ్రీకు బైండింగ్‌లో ఆ అంచు ఉండదు. చెక్క అట్టలు ఆకులతో సమంగా తెగి ఉంటాయి. పక్క నుంచి చూస్తే మొత్తం ఒకే దిమ్మలా కనిపిస్తుంది. చెక్క మందంలో మూడు వైపులా పొడవునా ఒక గాడి చెక్కి ఉందేమో వేలితో తడిమి చూసుకో. ఆ గాడి ఉంటే గ్రీకు పనితనమేనని మొదటి అనుమానం కలగాలి. అనుమానమే అంటున్నాను, ఎందుకో కింద చెబుతా.

తర్వాత వెన్ను. పడమటి దేశాల పాత పుస్తకాల వెన్ను మీద అడ్డంగా ఉబ్బెత్తు గీతలుంటాయి. లోపల తాళ్ల మీదో తోలు పట్టీల మీదో ఫారాలు, అంటే మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టిన ఆకుల కట్టలు, కుట్టడం వల్ల వచ్చేవి అవి. గ్రీకు వెన్ను నున్నగా ఉంటుంది. లోపల తాడూ లేదు, పట్టీ లేదు. ఉన్నది గొలుసు కుట్టు. సూది మడత లోంచి బయటికొచ్చి, కింది ఫారం కుట్టు చుట్టూ తిరిగి, అదే కంతలోంచి మళ్లీ లోపలికి పోతుంది. ఎంబ్రాయిడరీలో చూసే గొలుసు కుట్టే, గుడ్డ బదులు ఫారాల వరస మీద పడిందన్నమాట. ఆ గొలుసు వెన్ను మీద ఉబ్బి కనిపించకుండా ప్రతి ఫారం మడత దగ్గరా చిన్న వి-ఆకారపు గాటు కోస్తారు, దారం అందులో దిగిపోతుంది. నాలుగు చోట్ల కుట్టినవి ఎక్కువగా కనిపిస్తాయి, పెద్ద పుస్తకాలకి ఇంకా ఎక్కువ. మీద బట్ట అతికించి, ఆ బట్టని రెండు చెక్కల మీదకీ లాగి, ఆపైన మేకతోలు కప్పుతారు.

తోలు ఎక్కడైనా చిరిగి గొలుసు బయటపడితే నీ పంట పండినట్టే. భూతద్దం పెట్టి కుట్టు ఏ దిక్కుకి వాలిందో చూడు. చాలా గ్రీకు పుస్తకాలని రెండు సగాలుగా కుడతారు. ముందు చెక్క నుంచి మధ్యకి ఒక సగం, వెనక చెక్క నుంచి మధ్యకి ఇంకో సగం, చివరికి రెండూ కలిపి ముడి. అందువల్ల మధ్యలో ఒకచోట గొలుసు దిక్కు తిరగబడుతుంది. అది ఎన్నో ఫారం దగ్గరో రాసుకో. సరిగ్గా మధ్యలో కాకుండా బాగా ఒక పక్కకి జరిగి ఉంటే, ఒక సగం నుంచి ఫారాలు ఊడిపోయాయేమో అని వెతకాలి.

హెడ్‌బ్యాండ్ సంగతి. వెన్ను పై చివరా కింది చివరా కుట్టే దారపు పట్టీ మన పుస్తకాల్లో అలంకారమే, గుడ్డ ముక్క అతికిస్తారంతే. గ్రీకు పుస్తకంలో అది ఇంటి దూలం లాంటిది. ఫారాల మడతల్లోంచే కాక చెక్కల అంచుల్లో చేసిన కంతల్లోంచి కూడా కుట్టి, ఆకులనీ చెక్కలనీ ఒకటిగా బిగిస్తుంది. అందుకే అది చెక్కల మట్టం కన్నా పైకి లేచి ఉంటుంది. ఈ పుస్తకాలు పడుకోబెట్టి ఉంచడానికి చేసినవి. అట్టల మీది లోహపు బొడిపెలు తోలు బల్లకి రాసుకోకుండా కాపాడేవి. తర్వాతి గ్రంథాలయాలు వీటిని నిలబెట్టాయి. బరువంతా కింది హెడ్‌బ్యాండ్ మీద పడి అది నలిగింది, దారం తెగింది, దాంతో చెక్క వదులైంది. కాబట్టి కింది హెడ్‌బ్యాండ్ చితికి పైది బాగుంటే వెంటనే “చెదలు, తేమ” అని రాసెయ్యకు. షెల్ఫులో నిలబెట్టిన చరిత్ర అది.

కొక్కేలు కూడా చూడు. సాధారణంగా వెనక చెక్కకి మూడు పాయలుగా అల్లిన తోలు జడ, దాని చివర లోహపు ఉంగరం, ముందు చెక్క అంచులో చిన్న లోహపు చీల. ఉంగరాన్ని చీలకి తగిలిస్తే పుస్తకం బిగుస్తుంది. ఇది తాళం కాదు, అవసరం. పార్చ్‌మెంట్, అంటే రాతకి తయారుచేసిన జంతువు చర్మం, గాలిలో తేమని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. జడ తెగిన పుస్తకం విసనకర్రలా విచ్చుకుంటుంది, ఆకులు అలలు తేలతాయి, ప్రతి అల దగ్గరా సిరా పగులుతుంది. జడలు పోయినా చీలల కంతలు, వాటి చుట్టూ తుప్పు మరక మిగులుతాయి. ఆ మరక లోపలి ఆకుల అంచుకి కూడా దిగిందా? దిగితే ఆ చెక్కా ఆ ఆకులూ చాలాకాలం కలిసే ఉన్నాయి.

ఇప్పుడు ఆ అనుమానం మాట. 16వ శతాబ్దంలో గ్రీకు పుస్తకాలకి గ్రీకు తరహా బైండింగ్ వేయడం ఇటలీలో, ఫ్రాన్స్‌లో గొప్ప ఫ్యాషన్ అయింది. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ కోసం చేసినవి చూస్తే కళ్లు చెదురుతాయి. గాడి ఉన్న అంచులు, లేచిన హెడ్‌బ్యాండ్లు, నున్నటి వెన్ను, అంతా ఉంటుంది. కానీ వాటిలో కొన్నింటి లోపల వెన్నులో గాట్లు కోసి తాళ్లు దించి కుట్టారు, పైన నున్నగా కప్పారు. వేషం గ్రీకుది, ఎముకలు పడమటివి. ఫారం మధ్య మడత తెరిచి దారం ఎక్కడెక్కడ కనిపిస్తోందో, వాడని పాత కంతలు ఇంకెక్కడ ఉన్నాయో కొలిస్తేనే తేలుతుంది. పై అంచు నుంచి ప్రతి కంతకీ దూరం మిల్లీమీటర్లలో రాసుకో, కనీసం మొదట్లో, మధ్యలో, చివర ఒక్కో ఫారానికైనా. రెండు వరసల కంతలు కనిపిస్తే పుస్తకం కనీసం రెండుసార్లు కుట్టించుకుంది.

తెరిచే పద్ధతి జాగ్రత్త. ఫోమ్ దిమ్మలు అడుగు, రెండు వైపులా పెట్టు. వెన్ను బట్టా తోలూ గట్టిపడిన పుస్తకం చాలాసార్లు 90 డిగ్రీలు దాటదు. దాటించడానికి అరచేత్తో నొక్కావంటే గొలుసు ఒక్కచోట తెగుతుంది, ఆ తర్వాత అల్లిక ఊడినట్టు పక్క ఫారాలూ వదులవుతాయి. చేతి తొడుగులు అక్కర్లేదు, కడిగి ఆరబెట్టుకున్న వట్టి చేతులే మంచివి. తొడుగులతో ఆకు అంచు తెలీదు, చింపుతావు. అట్ట మీద వెండి రేకు ఉంటే మాత్రం తొడుగు వేసుకో.

వెన్నులో మెరిసే, రబ్బరులా సాగే జిగురు కనిపిస్తే లాగకు, రిపోర్టులో రాయి. ఆర్కిమిడీస్ పాలింప్సెస్ట్, అదే పాత రాత గీకేసి దాని మీద మళ్లీ రాసిన పుస్తకం, గుర్తుందా? అదీ నిజానికి గ్రీకు ప్రార్థనల పుస్తకమే, 1229 ఏప్రిల్‌లో ఇయోవన్నిస్ మిరోనాస్ అనే పూజారి రాసి ముగించాడు. 10వ శతాబ్దపు ఆర్కిమిడీస్ ఆకుల రాత గీకేసి, జంట ఆకుల్ని మడత దగ్గర కోసి, ఒక్కొక్కదాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ సగానికి మడిచాడు. అంటే ఒక పాత పేజీ మధ్యలోని వాక్యాలు కొత్త పుస్తకం మడతలో పడ్డాయి. 20వ శతాబ్దంలో ఎవరో వెన్నుకి చెక్క పనికి వాడే సింథటిక్ జిగురు పూశారు. బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఆ పుస్తకాన్ని విప్పడానికే సుమారు నాలుగేళ్లు పట్టింది. జంతువుల జిగురు తేమకి మెత్తబడుతుంది, అది మెత్తబడదు. ఆర్కిమిడీస్ వాక్యాలు సరిగ్గా ఆ జిగురు కిందే ఉన్నాయి మరి.

ఇక లోపల. ఫారాలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టు. మామూలు ఫారం అంటే నాలుగు జంట ఆకులు, 8 ఆకులు, 16 పేజీలు. 280 ఆకుల పుస్తకం అంటే 35 ఫారాలు. ఫారం నంబర్లు గ్రీకు అక్షరాల్లో ఆకు అంచున ఉంటాయి. ఆల్ఫా 1, బీటా 2 అంటూ వెళ్లి ఆరు దగ్గర తప్పు చేస్తారు చాలామంది. ఆరుకి జీటా కాదురా, స్టిగ్మా అనే గుర్తు. జీటా 7. ఇది మర్చిపోతే పోని ఫారం పోయిందని రాస్తావు. అంచులు కోసేసిన పుస్తకంలో నంబర్లు సగం తెగి ఉంటాయి, ఆ తెగిన సగమే కోత పడిందనడానికి రుజువు.

పార్చ్‌మెంట్‌కి రెండు ముఖాలు. వెంట్రుక వైపు పసుపుగా, రంధ్రాల చుక్కలతో ఉంటుంది. మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. ఎదురెదురు పేజీలు ఎప్పుడూ ఒకే వైపువై ఉంటాయి, ఇది 19వ శతాబ్దం చివర గ్రెగరీ అనే పండితుడు గమనించిన నియమం. గ్రీకు ఫారం మాంసం వైపుతో మొదలవుతుంది. వరసగా తిప్పు: వెంట్రుక–వెంట్రుక, మాంసం–మాంసం, వెంట్రుక–వెంట్రుక, మధ్యలో దారం కనిపించే చోట మళ్లీ మాంసం–మాంసం. మధ్య మడతలో వెంట్రుక వైపు వచ్చిందంటే అక్కడ జంటలు నాలుగు లేవు, లేదా ఏదో పోయింది. పసుపు పక్కన తెలుపు వచ్చిందంటే ఒక ఆకు ఊడింది, లేదా విడిగా ఒకటి చేరింది. సువార్తికుల బొమ్మలు ఇలాంటి విడి ఆకుల మీదే ఎక్కువగా ఉంటాయి, అందువల్ల బొమ్మ వయసూ రాత వయసూ ఒకటేనని ముందే నమ్మకు.

పురుగు కంతలు కూడా చదవాలి. చెక్కలోని కంత మొదటి ఆకులోకి అదే చోట దిగిందా? చెక్కలో పన్నెండు ఉండి ఆకులో ఒక్కటీ లేకపోతే ఆ చెక్క వేరే పుస్తకం నుంచి వచ్చింది, లేదా ఆకు తర్వాత చేరింది.

టార్చి లైటుని పక్క నుంచి, ఆకు మీద దాదాపు పడుకోబెట్టి పట్టు. గీతలు కనిపిస్తాయి. సిరాతో కాదు, మొనతేలిన పనిముట్టుతో, మన గంటంతో మసి పూయకుండా తాటాకు మీద గీసినట్టు. మామూలుగా వెంట్రుక వైపు గాడి, మాంసం వైపు ఉబ్బు. ఈ కాలానికి అక్షరాలు గీత మీద కూర్చోవు, గీత నుంచి వేలాడతాయి. 11వ శతాబ్దపు గుండ్రటి చక్కటి రాతకి పండితులు జర్మన్ భాషలో ‘ముత్యాల రాత’ అని పేరు పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలని మనం అనడం లేదూ, అదే మాట! కానీ రాతని చూసి తేదీ చెప్పేటప్పుడు ఒక మెట్టు తగ్గు. చర్చి పుస్తకాలు పాత తరహా రాతని పట్టుకుని వేలాడతాయి, అసలు వయసు కన్నా ముసలిగా కనిపిస్తాయి.

చివర్లో లేఖకుడి మాట ఉంటే అదృష్టం. సంవత్సరం సృష్టి నుంచి లెక్క, సెప్టెంబర్ 1న మారుతుంది. జనవరి–ఆగస్టు అయితే 5508, సెప్టెంబర్–డిసెంబర్ అయితే 5509 తీసెయ్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఉస్పెన్స్కీ సువార్తల పుస్తకంలో 6343 మే 7 అని ఉంది. 5508 తీస్తే 835. పక్కనే ఇండిక్షన్ 13, అంటే పదిహేనేళ్ల చక్రంలో పదమూడో ఏడు. 6343ని 15తో భాగిస్తే మిగిలేది 13, సరిపోయింది. సున్నా మిగిలితే 15 అనుకో. లెక్క కలవకపోతే సంవత్సరం అక్షరం తప్పు చదివావు, లేదా తర్వాతెవరో దిద్దారు.

పాఠానికి ఒకటి రెండు పరీక్షలే చాలు ఈసారికి. పుస్తకం యోహాను 1:1తో మొదలైతే అది నాలుగు సువార్తల పుస్తకం కాకపోవచ్చు, ఈస్టర్ నుంచి మొదలయ్యే పఠనాల పుస్తకం అయ్యుంటుంది. గ్రీకు కొత్త నిబంధన చేతిరాత ప్రతులకి నంబర్లిచ్చే జర్మనీలోని మ్యూన్‌స్టర్ సంస్థ జాబితాలో ఈ రెండు రకాలకీ నంబర్లు వేరు. నాలుగు సువార్తలదే అయినా అంచుల్లో ఎర్ర సిరాతో ‘ఆర్ఖీ’, ‘తెలోస్’ అంటే మొదలు, ముగింపు అని ఉంటే చర్చిలో చదివిందే. ఆ ఆకుల కింది మూలల మురికి, మైనం చుక్కలు కూడా చూడు. ఇంకా, వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ, యోహాను 7:53–8:11, ఉందా, లేదా, అది అసలు పాఠంలోది కాదేమో అన్న అనుమానం చూపే చుక్క గుర్తులు అంచున ఉన్నాయా? అక్కడ లేకపోతే లూకా 21:38 తర్వాత చూడు, ‘కుటుంబం 13’ అనే, పాఠంలో ఒకదానికొకటి దగ్గరి చుట్టరికం ఉన్న ప్రతుల గుంపులో అక్కడ ఉంటుంది.

పెన్సిల్, మిల్లీమీటర్ల స్కేలు, పది రెట్ల భూతద్దం, చిన్న టార్చి. పెన్ను గేటు దగ్గరే తీసేసుకుంటారు. ప్రతి ఫొటోలో స్కేలు ఉండాలి. వెన్ను బట్ట బయటపడి ఉంటే దాని నేత దగ్గరగా తీసి, అంగుళానికి ఎన్ని పోగులో రెండు వైపులా లెక్కపెట్టి రాయి. ఆ బట్ట ఫొటో నాకు ముందు పంపు, బొమ్మల ఫొటోలు తర్వాత.

నీ
వేణు