కాసెరెస్ పల్లె రోడ్లకూ ఒక పేజీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో స్పెయిన్ సైకిల్ యాత్రల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మల్లోర్కా దీవిలోనూ, జిరోనా పట్టణం చుట్టుపక్కలా వృత్తి సైకిలిస్టులు సాధన చేసే దారులను అందులో చక్కగా పరిచయం చేశారు. అయితే స్పెయిన్‌లో రోడ్డు సైకిల్ అంటే ఆ రెండు చోట్లేనన్న అభిప్రాయం పాఠకుల్లో మిగిలిపోతే, దేశం లోపలి పల్లె ప్రాంతాలకు అన్యాయం చేసినట్లవుతుంది. ఉద్యోగరీత్యా మాడ్రిడ్‌లో ఉంటూ, సెలవులు దొరికినప్పుడు పోర్చుగల్ సరిహద్దును ఆనుకొని ఉన్న కాసెరెస్ ప్రావిన్సులో సైకిల్ తొక్కే తెలుగువాడిగా ఆ ప్రాంతం తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వైశాల్యంలో స్పెయిన్ ప్రావిన్సులన్నింటిలోకీ కాసెరెస్‌ది రెండో స్థానం; మొదటిది దానికి దక్షిణాన ఉన్న బదహోస్. ఈ రెండూ కలిసి ఎక్స్‌ట్రెమదూరా ప్రాంతం. సుమారు 19,900 చదరపు కిలోమీటర్ల కాసెరెస్‌లో ఉండే జనం నాలుగు లక్షల లోపే, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు ఇరవై మంది. దీనికి తోడు ఉత్తర దక్షిణాలుగా ఏ-66 మోటారు రహదారి వచ్చాక లారీలు, దూరప్రయాణపు కార్లు దాని మీదికి మళ్లడంతో, పక్కనే సాగే పాత ఎన్-630 జాతీయ రహదారి చాలా దూరం వరకు దాదాపు ఖాళీ అయిపోయింది. వెడల్పు, గట్టిదనం పాత హయాంవే, రద్దీ మాత్రం పల్లె రోడ్డంత. సైకిలిస్టుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ ప్రావిన్సును ఒకే రకం దారిగా ఊహించుకోవడానికి వీల్లేదు. ఉత్తరాన మంచు పడే కొండలు, వాటి నడుమ పచ్చని లోయలు; మధ్యలో తాహో నది, దాని ఒడ్డున రాబందుల కొండలు; ఆ తర్వాత ఓక్ చెట్ల మేత భూములు, గాలి తప్ప అడ్డేమీ లేని మైదానం; ఆగ్నేయాన మళ్లీ కొండలు. ఉత్తరం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నా మనసు అక్కడే ఎక్కువగా ఉంది.

ప్లసెన్సియా పట్టణం నుంచి ఈశాన్యంగా వెళ్లే ఎన్-110 రోడ్డు హెర్తె నది లోయలో నవాకొన్సెహో, కబెసువేలా, హెర్తె, తోర్నవాకస్ ఊళ్ల మీదుగా సాగి, 1,274 మీటర్ల ఎత్తున ఉన్న తోర్నవాకస్ కనుమకు చేరుతుంది. లోయ పొడవునా ఎత్తు తెలియకుండానే పెరుగుతుంది. చివరి ఊరు దాటిన తర్వాతే కాళ్లకు అసలు పని పడుతుంది. రెండు వైపులా కొండవాలు మీద రాతిగోడలు పేర్చి చదును చేసిన మెట్ల చేలల్లో పది లక్షలకు పైగా చెర్రీ చెట్లున్నాయి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అవి ఒక్కసారిగా పూస్తాయి. కింది ఊళ్లలో పూత రాలుతున్న రోజుల్లోనే పై ఊళ్లలో మొగ్గ విచ్చుతుంది కాబట్టి, ఆ వారాల్లో ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక ఎత్తులో తెల్లని తోట దొరుకుతుంది. కాకపోతే పూతకాలపు శని, ఆదివారాల్లో లోయ రోడ్డు కార్లతో నిండిపోతుంది. ఆ రోజుల్లో వెళ్లక తప్పనివారు కబెసువేలా దాటాక ఎడమవైపు తిరిగి ఒందూరస్ కనుమ ఎక్కడం మేలు. 1,400 మీటర్లు దాటే ఆ ఇరుకు రోడ్డు మీద తోటలు, అడవి, పైన బోడి గుట్టలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, అవతలి వైపు చెస్ట్‌నట్ చెట్ల నీడలో ఎర్వాస్ ఊరికి దించుతాయి. పాత యూదుల వీధులు చెక్కుచెదరకుండా నిలిచిన ఊరది.

లోయకు కుడివైపు కొండ మీద 1,175 మీటర్ల ఎత్తున పియోర్నల్ ఉంది. ఎక్స్‌ట్రెమదూరా మొత్తంలో అంతకన్నా ఎత్తున ఉన్న ఊరు లేదు. 2022 సెప్టెంబరులో స్పెయిన్‌లో మూడు వారాలపాటు అంచెలుగా సాగే సైకిల్ పందెం వుయెల్తాలో పద్దెనిమిదో అంచె త్రుహీయోలో మొదలై, ఈ కొండను రెండుసార్లు ఎక్కి ఇక్కడే ముగిసింది. బెల్జియం యువకుడు రెమ్‌కో ఎవెనెపూల్ చివరి కొద్ది మీటర్లలో డచ్ సైకిలిస్టు రాబర్ట్ హెసింక్‌ను దాటి అంచె గెలిచి, ఆ ఏడాది మొత్తం పోటీనే గెలుచుకున్నాడు. వాళ్లు చివరిసారి ఎక్కిన ఎత్తు దాదాపు 13 కిలోమీటర్లు, సగటు వాలు ఐదు శాతానికి పైన. సంఖ్య చూసి భయపడనక్కర్లేదు: ఎక్కడా గోడలా నిలబడని, ఒకే లయలో ఎక్కించే దారి కాబట్టి, ఓపిక ఉన్న మామూలు సైకిలిస్టు చిన్న గేరులో తీరిగ్గా ఎక్కగలడు. రోడ్డు మీద అభిమానులు రంగుతో రాసిన పేర్లు కొన్ని మలుపుల్లో వెలిసిపోయి ఇంకా కనిపిస్తాయి.

పియోర్నల్ నుంచి దక్షిణపు వైపు గర్గాంతా లా ఓయాకు దిగే రోడ్డు సన్నగా, మలుపులతో ఉంటుంది. బ్రేకులు సరిచూసుకున్నాకే దిగాలి. దిగిన చోట మొదలయ్యేది లా వెరా. తెలుగువారికి ఈ నేల ప్రత్యేకంగా నచ్చుతుందని నేను ధైర్యంగా చెప్పగలను, కారణం మిరపకాయ. గుంటూరు మిర్చికీ లా వెరా మిర్చికీ పుట్టిల్లు అమెరికా ఖండమే. మన దగ్గర కాయను కల్లాల్లో ఎండకు ఆరబోస్తాం. లా వెరాలో కోతలయ్యే శరదృతువులోనే వానలు పట్టుకుంటాయి కనుక అక్కడి రైతులకు ఆ వీలు లేదు. అందుకని పొలం పక్కనే కట్టిన ఎండబెట్టే కొట్టంలో కింద ఓక్ కట్టెలు రాజేసి, పైన చెక్కల అటక మీద కాయలు పరచి, పది పదిహేను రోజులపాటు రోజూ తిరగేస్తూ పొగ పట్టిస్తారు. అక్టోబరులో ఆ దారిన సైకిల్ మీద వెళితే ఊరు రాకముందే పొగ వాసన వస్తుంది. కొట్టం పెంకుల సందుల్లోంచి పొగ సన్నగా లేస్తూ ఉంటుంది. మర పట్టిన ఆ ఎర్రటి పొడిని చిన్న రేకు డబ్బాల్లో అమ్ముతారు. కారంగానూ, తియ్యగానూ, రెంటికీ మధ్యస్థంగానూ మూడు రకాలుంటుంది.

అక్కడికి దగ్గరలోనే యుస్తె మఠం ఉంది. సగం ఐరోపాను ఏలిన ఐదో చార్లెస్ చక్రవర్తి సింహాసనం విడిచి, 1557 ఫిబ్రవరిలో ఇక్కడ చేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో కన్నుమూశాడు. తోర్నవాకస్ నుంచి కొండ దాటించి ఆయన్ను తీసుకొచ్చిన దారి ఇప్పటికీ ఉంది గాని అది కాలినడక బాట. కొన్ని పటాల్లో గీత చూసి రోడ్డు సైకిల్‌తో అటు వెళ్లవద్దని కొత్తవారికి మనవి.

ప్లసెన్సియా నుంచి దక్షిణంగా త్రుహీయో వైపు వెళ్లే ఈఎక్స్-208 రోడ్డు మొన్‌ఫ్రాగ్వె జాతీయ ఉద్యానం నడిబొడ్డు గుండా పోతుంది. 2007లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ చోట తాహో, తియేతర్ నదులు కలుస్తాయి. రోడ్డు పక్కనే సాల్తో దెల్ హితానో అనే, చుట్టూ చూడటానికి వీలైన చోట సైకిల్ ఆపితే, నదికి ఆవలి రాతికొండ మీద గూళ్లు కట్టుకున్న రాబందులు కళ్లెదుటే రెక్కలు చాపి తేలుతుంటాయి. భారతదేశంలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు ఎలా అంతరించిపోయే దశకు వచ్చాయో తెలిసినవారికి, అన్ని పక్షులను ఒక్కచోట చూడటం మాటల్లో చెప్పలేని అనుభవం. ఈ రోడ్డు మీద ఎత్తుపల్లాలు చిన్నవే అయినా ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

ఉద్యానం దాటాక దెహేసా మొదలవుతుంది. దూరదూరంగా ఓక్ చెట్లు, వాటి కింద గొర్రెలు, ఆవులు, శీతకాలంలో ఓక్ కాయలు ఏరుకు తినే నల్ల పందులు ఉండే మేత భూమి ఇది. చిన్న రోడ్లలో పశువులు దాటిపోకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు పరుస్తారు. వాటి మీద సైకిల్‌ను నిటారుగా, తొక్కడం ఆపి, హ్యాండిల్ తిప్పకుండా పోనివ్వాలి. వాన పడినప్పుడు దిగి నడవడమే క్షేమం. త్రుహీయో కోట, పెరూను జయించిన పిసార్రో విగ్రహం, కాసెరెస్ పాతనగరం గురించి పర్యాటక పుస్తకాలన్నీ రాస్తాయి కనుక నేను ఆగను. పశ్చిమాన ఆల్కాంతరాలో ట్రాజన్ చక్రవర్తి కాలపు రోమన్ వంతెన మీదుగా తాహో నదిని సైకిల్ మీదే దాటవచ్చన్నది మాత్రం చెప్పి తీరాలి.

ఆగ్నేయాన వియ్యుయెర్కాస్ కొండలు పొలంలో నాగటి చాళ్లలా వరుసలు తీరి ఉంటాయి. గట్టి క్వార్ట్‌జైట్ రాయి గట్లుగా నిలవగా, మధ్యనున్న మెత్తని రాయి అరిగి లోయలయ్యాయి. లోయ వెంట వెళితే దారి సుఖం. గట్టు దాటాలంటే శ్రమ. గ్వాదలూపె మఠం దగ్గర బస చేసేవారు 1,600 మీటర్ల వియ్యుయెర్కాస్ శిఖరం ఎక్కవచ్చు. 2021లో వుయెల్తా అంచె ఒకటి అక్కడ ముగిసింది. ఫ్రాన్సుకు చెందిన రొమాన్ బార్దె గెలిచాడు. ఆ రోజు పోటీదారులు ఎక్కిన బయ్యెస్తెరోస్ కనుమ సిమెంటు రోడ్డు సగటు వాలు 14 శాతం. అది వృత్తిగాళ్లకు వదిలేయాల్సిన దారి అని నా అభిప్రాయం.

మీ వ్యాసంలో ఒక వాక్యంతో నేను ఏకీభవించలేను. ప్రత్యేకమైన సైకిల్ ట్రాకులు వేస్తేనే సైకిల్ పర్యాటకం పెరుగుతుందని రాశారు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచినప్పుడు నేనూ సంతోషించాను; నగరానికి అలాంటివి కావాలి. కాని పైన చెప్పిన దారుల్లో దాదాపు ఎక్కడా ట్రాకు లేదు. కార్లూ ట్రాక్టర్లూ నడిచే మామూలు రోడ్డు మీదే అందరూ తొక్కుతారు. దాన్ని సాధ్యం చేసింది చట్టం, దాన్ని పాటించే అలవాటు. స్పెయిన్‌లో సైకిల్‌ను దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం వదలాలి. భద్రమైతే అందుకోసం రోడ్డు నడుమ గీతను దాటి అవతలి వైపు వెళ్లవచ్చు. భద్రం కాకపోతే వెనకే ఆగాలి. 1999లో చేసిన మార్పుతో గుంపుగా వెళ్లే సైకిళ్లను ఒకే వాహనంగా పరిగణిస్తారు: మొదటి సైకిల్ కూడలిలోకి ప్రవేశించిందంటే చివరి సైకిల్ దాటేవరకు మిగతావారు ఆగాలి. ఇద్దరు పక్కపక్కన నడపవచ్చు. సైకిలిస్టుకూ బాధ్యతలున్నాయి, ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి, చీకటి పడితే దీపాలూ మెరిసే చొక్కా ఉండాలి. కనుమ రోడ్డు మీద పాల వ్యాను మలుపు తిరిగేదాకా హారన్ కొట్టకుండా వెనకే నెమ్మదిగా రావడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించదు.

వెళ్లదలచిన పాఠకులకు కాలం విషయం గట్టిగా చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో మైదానంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే; నీడ ఉండదు, ఊరికీ ఊరికీ మధ్య ఎడం ఎక్కువ. ఏప్రిల్, మే, అక్టోబరు మంచివి. ఊరి కూడలిలో రాతి కుళాయి ఉంటుంది గాని, శుద్ధి చేయని నీరని బోర్డు ఉందేమో చూసుకున్నాకే సీసా నింపుకోవాలి. మధ్యాహ్నం రెండు తర్వాత కొట్లు మూస్తారు, చిన్న ఊళ్లలో ఆదివారం అసలు తెరవరు. ఊరి బారు మాత్రం పొద్దున్నే తెరిచి, కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసి, కాఫీతో ఇస్తుంది. మాడ్రిడ్ నుంచి ప్లసెన్సియాకు రైలుంది. సైకిల్‌కు చోటు ముందే రాయించుకోవాలి.

ఈ ఊళ్లకు వచ్చే అతిథి అవసరం మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ. యువత పనుల కోసం మాడ్రిడ్ వెళ్లిపోతే ఊళ్లలో ముసలివారే మిగులుతున్నారు. 2025 ఆగస్టులో హరీయా దగ్గర మొదలైన కార్చిచ్చు అంబ్రోస్, హెర్తె లోయల వైపు పాకి 15,000 హెక్టార్లకు పైగా కాల్చేసింది. తోటలూ తేనెపెట్టెలూ పోగొట్టుకున్న కుటుంబాలకు వసంతంలో రెండు రాత్రులు బస చేసే సైకిలిస్టు ఇచ్చే డబ్బు చిన్నది కాదు.

తెలుగు రాష్ట్రాల్లో నిర్ణీత గడువులో ముగించాల్సిన 200, 300 కిలోమీటర్ల బ్రెవెట్ సవారీలు చేసే యువతీయువకులు ఎందరో ఉన్నారు. చదువుకో ఉద్యోగానికో ఐరోపా వచ్చినవారిలోనూ ఉన్నారు. వారికోసం మీ అనుబంధంలో కాసెరెస్ వంటి పల్లె ప్రావిన్సుల దారులను నీళ్లు, వాలు, రద్దీ, రుతువు వివరాలతో, ఊరి పేర్లున్న పటంతో సహా ప్రచురించమని కోరుతున్నాను. హెర్తె, లా వెరా, మొన్‌ఫ్రాగ్వె దారుల వివరాలు కావాలంటే రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మాడ్రిడ్