పావురాల కథలో కత్తెర పడుతున్న చోట్లు

సంపాదకులకు,

మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చే జంతువుల కథల గురించి ఈ ఉత్తరం. మేము నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రాథమిక బడుల్లో పిల్లలకు కథలు చెప్పే ఉపాధ్యాయులం. దయ, మర్యాద నేర్పాలనే ఈ కథలు వేస్తున్నారని తెలుసు. కానీ పావు పేజీలో ఇమిడ్చేటప్పుడు సరిగ్గా దయ, మర్యాద ఉన్న చోట్లనే కత్తెర పడుతోంది. చివరకు మిగిలేది ‘నీతి’ అని గళ్లు కట్టి పెట్టిన ఒక్క వాక్యం.

వలలో పడ్డ పావురాల కథనే చూడండి. పంచతంత్రం, హితోపదేశాల్లోని మిత్రలాభం కథ ఇది. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలోనూ ఉంది. పిల్లల పేజీల్లో మాత్రం ఇంతే ఉంటుంది: పావురాలు నూకలకు ఆశపడి వలలో చిక్కాయి, కలిసి ఎగిరాయి, ఎలుక వల కొరికింది, ఐకమత్యమే మహాబలం.

హితోపదేశం కథలో పావురాల రాజు చిత్రగ్రీవుడికి ముందే అనుమానం వస్తుంది, మనిషి తిరగని అడవిలో నూకలు ఎక్కడివని. ఒక పావురం ఆ మాట కొట్టిపారేస్తుంది. అందరూ దిగుతారు, చిక్కుతారు. ఇక మిగతావన్నీ ఆ పావురాన్ని తిట్టడం మొదలుపెడితే, ముందే వద్దన్న రాజే అడ్డం వస్తాడు. తప్పు దానిది కాదంటాడు. ‘నేను అప్పుడే చెప్పలేదా’ అనగలిగినవాడు ఆ మాట అనకుండా ఊరుకోవడం ఎంత పెద్ద సంగతో ఆరేళ్ల పిల్లకు చప్పున అర్థమవుతుంది. ఇంట్లోనూ బడిలోనూ ఆ మాట పడేది వాళ్లే కదా.

తర్వాత ఎలుక ఇల్లు. హిరణ్యకుడు ప్రాణభయంతో కలుగుకు నూరు ద్వారాలు పెట్టుకున్నాడు. పావురాలు వాలిన చప్పుడికి బెదిరి లోపలే నక్కుతాడు. చిత్రగ్రీవుడు బయటే ఉండి స్నేహితుడా అని పిలుస్తాడు. గొంతు గుర్తుపట్టాకనే ఎలుక బయటికి వస్తుంది. వచ్చి ముందు రాజు కట్లు కొరకబోతే, నావాళ్లవి ముందు అంటాడు రాజు. నా పళ్లు మెత్తనివి, అవి విరిగేలోపు నీ కట్లు తెంపుతాను, ఆ తర్వాత చేతనైనన్ని చూద్దాం అంటుంది ఎలుక. అయినా రాజు ఒప్పుకోడు.

కథ చెప్పేవాళ్లు ఆగవలసింది ఇక్కడే. ‘పళ్లు మధ్యలో విరిగితే రాజు గతి ఏంది?’ అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేంతసేపు నోరు మెదపకుండా ఉండాలి. చాలామంది మూడు లెక్కపెట్టేలోపే తామే జవాబు చెప్పేస్తారు. అక్కడితో పిల్లలు ఆలోచించడం మానేస్తారు.

ఒకటి, రెండు తరగతులకు పది నిమిషాలు దాటొద్దు. రాజు, తిట్లు తిన్న పావురం, ఎలుక, ఈ ముగ్గురే గుర్తుండే పాత్రలు కావాలి, కాకిని వదిలేయవచ్చు. మూడు నుంచి అయిదు తరగతులకైతే కాకిని తప్పకుండా తేవాలి. ఇదంతా చూసిన కాకి స్నేహం చేద్దామని వస్తే, నువ్వు తినేదానివి, నేను నీకు తిండిని, మనకు పొత్తెట్లా అని ఎలుక ముందు కాదంటుంది. దయగా ఉండాలంటే అడిగిన ప్రతివాడి వెంటా పోవాలని కాదు. ఈ కాలం పిల్లలకు అది చెప్పకుండా దయ ఒక్కటే చెప్పడం ప్రమాదం.

మాటలు పిల్లల ఇంటి మాటల్లో ఉంటేనే చెవికెక్కుతాయి. ‘వాన్ని ఏమనకుర్రి, మనం గూడ దిగినం గద’, ‘ముందుగాల మావోళ్లవి కొరుకు, నాది ఆఖరుకు జూద్దాం’. ‘ధన్యవాదములు మిత్రమా’ అని పావురం అంటే పిల్లలు నవ్వుతారు, తర్వాత వారం రోజులు ఒకరినొకరు ఎక్కిరించుకోవడానికి వాడుకుంటారు.

ఈ కథను పిల్లలతో ఆడించేవాళ్లకు పాత నూలు చీర ఒకటి చాలు. సగానికి మడిచి పరిస్తే చుట్టూ పది పన్నెండు మంది అంచు పట్టుకోవచ్చు. ఒకేసారి లేపి, పది అడుగులు నడిచి, దించాలి. ఒక్కరు తొందరపడ్డా చీర ఒక పక్కకు గుంజుకుపోతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నాపరాళ్ల మీద ఉరకనివ్వొద్దు, జారుతారు. కట్లకు పురికొస చేతి మణికట్టుకు మాత్రమే, వేలు దూరేంత వదులుగా, లాగితే ఊడిపోయే ముడి వేయాలి. మెడకు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఎక్కువగా చెడేది పాత్రలు పంచేటప్పుడు: తప్పు చేసిన పావురం వేషం ఎప్పుడూ దెబ్బలు తినే పిల్లవాడికే వేస్తారు. కథ ముగిసినా ఆ పేరు వాడికి అంటుకుంటుంది. ఆ వేషం సారో టీచరో వేసుకోవడం మేలు.

కొత్తగా రాసే కథల గురించీ కొంత చెప్పాలి. దాహం తీర్చిన పిల్లకు పిట్ట బంగారు గింజ తెచ్చిస్తే అది దయ కాదు, బేరం. నక్కకు చివర్లో తోక తెగితే క్లాసంతా చప్పట్లు కొడుతుంది, అప్పటిదాకా చెప్పిన దయ ఆ చప్పట్లలో పోతుంది. కాకి నలుపును వెక్కిరించే కథ పడ్డ మరునాడు క్లాసులో ఎవరిని కాకి అంటారో వేరే చెప్పనక్కరలేదు. గుడ్లగూబను అపశకునం చేసి రాస్తున్నారు. రాత్రిపూట వరి పొలాల్లో ఎలుకలను పట్టేది అదే. కోతికి బిస్కెట్లు పెట్టిన మంచి పాప కథలైతే పూర్తిగా ఆపాలి. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద కార్లలోంచి విసిరే తిండి కోసమే కోతులు రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి. పల్లి చేను అడవిపంది తవ్విపోసిన ఇంటి పిల్లవాడికి ‘పంది మన నేస్తం’ అని చెప్పినా నమ్మడు. పందికి ఆకలి, నాయనకు నష్టం, రెండూ కథలో ఉంటే వింటాడు.

పావురాల కథను రెండు వారాలుగా వేయండి. మొదటి వారం వలతో సహా ఎగరడం దగ్గర ఆపండి. నీతి గళ్లు తీసేసి ఆ జాగాలో అక్షరం పెద్దది చేయండి, రెండో తరగతి పిల్లలు సొంతంగా చదువుకుంటారు.

మీ చిత్రకారుడికి కూడా ఒక మనవి. వేటగాడిని నల్లగా, కోరమీసాలతో, ఎర్రటి కళ్లతో రాక్షసుడిలా గీయొద్దు. హితోపదేశంలో అతడు రెండో యముడిలా కనబడేది కాకి కళ్లకు. మీ పేజీ అమ్రాబాద్, పదర మండలాల బడులకూ వస్తుంది, అక్కడ దాన్ని అడవిలో వేటాడి బతికిన చెంచుల పిల్లలూ చదువుతారు.

ఇట్లు,
కథలు చెప్పే కొందరు ఉపాధ్యాయులు,
నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాలు