పరామర్శ నిధికి మీ సాయం కావాలి – సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో సంఘ కుటుంబానికంతటికీ వందనాలు.

ఈసారి మేం అడిగేది బిల్డింగ్ కోసమో మైకుల కోసమో కాదండి, మనలో కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి పలకరించడానికయ్యే ఖర్చు కోసం అడుగుతున్నాం.

మన సంఘంలో ఎవరింట్లోనైనా కష్టమొస్తే మొదటి వారం ఇల్లంతా మనుషులే, ప్రార్థనలు, ఫోన్లు, అన్నీ ఉంటాయి. మూడో నెల వచ్చేసరికి పలకరించేవాళ్ళుండరు. భర్తని పోగొట్టుకున్న అక్క ఆదివారం ఆరాధనకి వచ్చి ఆఖరి వరసలో గోడ పక్కన కూర్చుంటుంది, ముగింపు ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగానే బైబిలు బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోతుంది, గుమ్మం దగ్గర ఎవరైనా ఎలా ఉన్నావమ్మా అంటే ఏడుపొచ్చేస్తుందని. ఇలాంటివాళ్ళని మీరూ చూసే ఉంటారు. వాళ్ళకి విశ్వాసం లేక కాదు, పక్కన మనిషి లేక.

దేవుడున్నాడు ప్రార్థన చేసుకో అని ఒక మెసేజ్ పెట్టేయడం తేలికే. బైబిల్లో దావీదు స్నేహితుడు యోనాతాను కూడా కబురంపి ఊరుకుని ఉండొచ్చు, ఎందుకంటే దావీదుని చంపాలని తిరుగుతున్నది యోనాతాను సొంత తండ్రి, రాజైన సౌలే, వెళ్తే తనకీ ప్రమాదమే. అయినా లేచి జీఫు అరణ్యంలో దాక్కున్న స్నేహితుడి దగ్గరికి తనే వెళ్ళి, భయపడకు అని చెప్పి దేవునిలో అతన్ని బలపరిచాడు (1 సమూయేలు 23). వాళ్ళిద్దరూ కలుసుకున్నట్టు బైబిల్లో కనిపించేది అదే ఆఖరిసారి, అందుకే ఆ భాగం చదివినప్పుడల్లా మాకు గుండె బరువెక్కుతుంది.

ఇంకొకటి, మాకు బాగా నచ్చినది. అపొస్తలుడైన పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నప్పుడు ఫిలిప్పీ సంఘం కానుక పంపింది, ఎపఫ్రొదితు అనే సహోదరుడి చేతికిచ్చి పంపింది, ఆ ఎపఫ్రొదితు ఆ పనిలో చావుకి దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడు కూడా (ఫిలిప్పీ 2, 4). అంటే అక్కడ డబ్బూ వెళ్ళింది, మనిషీ వెళ్ళాడు. మన పరామర్శ నిధి కూడా అలాగే నడవాలని మా కోరిక.

వెళ్ళడానికి మన దగ్గర మనుషులున్నారు, దేవునికి స్తోత్రం. యేసుప్రభువు శిష్యుల్ని పంపినట్టే ఇద్దరిద్దరు చొప్పున వెళ్తున్నారు. కానీ వాళ్ళలో చాలామంది రోజు పని మానుకుని సొంత ఛార్జీలతో తిరుగుతున్నారు, రాత్రంతా హాస్పిటల్లో తోడుగా ఉన్న తమ్ముడు పొద్దున్నే అట్నుంచి అటే పనికి పోతున్నాడు. వాళ్ళ ప్రయాణం, తిండి, ఆ ఇంటివాళ్ళకి అత్యవసరంగా మందులు కావాల్సొస్తే అవి, ఇవే ఈ నిధి ఖర్చులు. వేరే దేనికీ ఇందులోంచి తీయం.

లెక్కల సంగతి కూడా చెప్పాలి. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, చందా తీసుకెళ్ళేటప్పుడు పౌలంతటివాడే ఎవరూ తప్పుపట్టకూడదని తోడుగా వేరేవాళ్ళని పెట్టుకున్నాడు (2 కొరింథీ 8), మనమెంత. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు పెడతారు, ప్రతి మూడు నెలలకీ జమాఖర్చులు సంఘంలో చదువుతాం. సాయం అందుకున్నవాళ్ళ పేర్లు మాత్రం చదవం, ఎవరు అడిగినా చెప్పం. ఇచ్చినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం కూడా ఉండదు.

ఎంతివ్వాలి అని అడుగుతున్నారు. మీ హృదయంలో ఎంత నిశ్చయించుకుంటే అంతే, బలవంతం లేదు, అప్పు చేసి మాత్రం దయచేసి ఇవ్వొద్దు. కవరు మీద పరామర్శ నిధి అని రాసి కానుకల పెట్టెలో వేయండి, లేదా ట్రెజరర్ గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వలేని పరిస్థితి ఉంటే నెలలో ఒక సాయంత్రం ఇవ్వండి, కొత్తవాళ్ళని అలవాటున్నవాళ్ళతో జత చేసి పంపిస్తాం, ప్రసంగాలేమీ చేయక్కర్లేదు, పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వింటే చాలు.

ఎవరైనా కొన్ని వారాలుగా ఆరాధనకి రావట్లేదని మీరు గమనిస్తే పాస్టరు గారికి గానీ కమిటీలో ఎవరికి గానీ చెప్పండి. ఆ మనిషి మీరే అయితే ఇంకా తొందరగా చెప్పండి.

మీ సంఘ కమిటీ