టవర్ మాట మాకు వినబడుతోంది, మా మాటే టవర్‌కు చేరడం లేదు

గౌరవనీయులైన కేంద్ర టెలికాం శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని ఒక గూడెం నుంచి రాస్తున్నాను. ఇది నా నాలుగో లేఖ. మొదటి మూడూ మీ కింది కార్యాలయాలకు పంపాను. మధ్యలో రెండు సోమవారాలు ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చి రసీదు కూడా తెచ్చుకున్నాను. అన్నింటికీ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే, అదీ ఫోన్‌లో వచ్చిన మెసేజ్: మీ ప్రాంతంలో కవరేజీ ఉన్నట్లు నిర్ధారణ అయినందున ఫిర్యాదు పరిష్కరించబడినది. ఆ మెసేజ్ నాకు చక్కగా అందింది. (మెసేజ్ అందిందని ఫోన్ కూడా టవర్‌కు ఒక చిన్న కబురు పంపాలి, మరీ చిన్నది కాబట్టి అదెలాగో పోయినట్టుంది.) అభ్యంతరం చెబుదామని నేను ఫోన్ చేస్తే మాత్రం అవతలివారికి నా మాట వినబడలేదు. నా ఫిర్యాదును ఇంతకంటే బాగా వివరించడం నాకు చేతకాదు గానీ, తమరి కోసం మరొకసారి ప్రయత్నిస్తాను.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. మాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కన ఒక టవర్ ఉంది. అలాంటి టవర్ మీది రేడియో సాధారణంగా 20 నుంచి 40 వాట్ల శక్తితో పంపుతుంది. మా చేతిలోని 4జీ ఫోన్‌కు ప్రమాణాలు నిర్ణయించిన గరిష్ఠ శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు, ఒక వాట్‌లో ఐదో వంతు. 40 వాట్ల టవర్‌తో పోలిస్తే ఇది రెండు వందల రెట్లు తక్కువ. టవర్ చెవి ఫోన్ చెవి కంటే పదునైనదనీ, ఫోన్ తన కొద్దిపాటి శక్తినంతా సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీలోకి కుదించి పంపుతుందనీ, కాబట్టి అసలు తేడా అంత ఉండదనీ మీ ఇంజనీర్లు అంటారు, నిజమే. ఆ మినహాయింపులన్నీ పోగా మిగిలిన తేడా చాలు, మా ఊరి నోరు కట్టేయడానికి. ఫోన్ తెర మీది గీతలు టవర్ మాట మాకెంత బాగా వినబడుతోందో చెబుతాయి. మా మాట అక్కడికి చేరుతోందో లేదో అవి చెప్పవు. మీ అధికారులు ఆ గీతలు చూసే ఫైలు మూసేస్తున్నారు.

పోయిన వానాకాలం ఒక రాత్రి మా పక్కింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అత్త తన 4జీ బటన్ ఫోన్‌తో 108కి చేసింది. ఫోన్ కలిసింది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది, పక్కన నిలబడ్డ నాకు కూడా ప్రతి మాటా స్పష్టంగా వినబడింది: "మీ మాట కట్ అవుతోందండీ, ఊరి పేరు మళ్లీ చెప్పండి." అత్త ఊరి పేరు పదకొండు సార్లు చెప్పింది. నేను లెక్కపెట్టాను, అంతకు మించి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. తర్వాత ఆమె నెత్తిన గొంగడి వేసుకొని ఆ వానలో నీళ్ల ట్యాంకు మెట్లెక్కి, ఫోన్‌ను రోడ్డు దిక్కు చాపి పట్టుకొని అరిచింది. దిగి వచ్చి, "ఇంకింత గట్టిగ ఒర్లితే వినపడ్తుండెనా అన్నా?" అని నన్నడిగింది. ఒర్లినా, గుసగుసలాడినా ఫోన్ పంపేది ఆ 200 మిల్లీవాట్లేనని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఒక ఆటో దొరికింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు, అది ఆటో అతని పుణ్యం.

టేకు ఆకు రాలే ఎండాకాలంలో మా మాట కొంతవరకు దాటిపోతుంది. తొలకరి పడి అడవి ముసురుకోగానే అదీ ఆగిపోతుంది. తడిసిన ఆకు రెండు వైపులా సిగ్నల్‌ను మింగుతుంది. టవర్ వైపు మింగినా మిగిలేంత శక్తి ఉంది, మా వైపు లేదు. అంటే వాగులు పొంగి దారులు తెగిపోయే నెలల్లోనే ఫోన్ కూడా మొరాయిస్తుంది. 2023 జూలైలో మా జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిన సంగతి, జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచిన సంగతి తమరికి గుర్తుచేయనక్కరలేదు.

ఇక ఫొటోల బాధ. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరును యాప్‌లో, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఫొటో తీసి పంపడం తప్పనిసరి చేశారు. వీడియోలు దిగిరావడానికి మా దగ్గర అంత ఇబ్బంది లేదు. ఒక ఫొటో ఎక్కించడానికి మాత్రం హాజరు వేసే మేట్ పిల్ల పని దిగాక గుట్ట ఎక్కుతోంది. ఫోన్ పూర్తి శక్తితో మొత్తుకుని మొత్తుకుని వేడెక్కి, పొద్దుగూకక ముందే బ్యాటరీ అయిపోతుంది.

మంచి ఫోన్ కొనుక్కోమని మీ అధికారి ఒకరు సలహా ఇచ్చారు. అయ్యా, 4జీలో ఎక్కువ బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీ పట్టీల్లో) వెయ్యి రూపాయల ఫోన్‌కైనా, లక్ష రూపాయల ఫోన్‌కైనా గరిష్ఠ శక్తి అదే 200 మిల్లీవాట్లు. తేడా అంతా లోపలి యాంటెన్నాలో ఉంటుంది. మా ఫోన్లే పాడైనవైతే, రెండేళ్లకోసారి మేడారం జాతరకు వ్యాన్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలిపినప్పుడు అవే ఫోన్లు, అదే అత్త బటన్ ఫోన్‌తో సహా, గణగణ ఎలా మోగాయి, ఎలా మాట్లాడాయి? అమ్మవార్లు వనప్రవేశం చేయగానే వ్యాన్లు వెళ్లిపోయాయి. మా గొంతూ వాటితోనే పోయింది.

ఫోన్ శక్తి పెంచమని నేను అడగడం లేదు. తలకు ఆనించుకునే వస్తువు నుంచి ఒంట్లోకి చేరే రేడియో శక్తికి కిలోకు 1.6 వాట్ల హద్దు 2012 నుంచి ఉంది, అది ఉండాలి. టవర్ చెవి పెంచమని అడుగుతున్నాను. మా టవర్ రేడియో ఇంకా కింద గదిలోనే ఉంది. మేం పంపిన ఆ కొద్ది సిగ్నల్‌లో సగం దాకా పైనుంచి దిగే కేబుల్‌లోనే ఆవిరైపోతుంది. రేడియోను పైకెక్కించి, వినే యాంటెన్నాలు రెండు ఉన్నచోట నాలుగు పెట్టించండి. మా టవర్‌లో నడుస్తున్నది 2100 మెగాహెర్ట్జ్ బ్యాండు ఒక్కటే. 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో అదే దూరానికి సిగ్నల్ నష్టం సుమారు తొమ్మిది డెసిబెల్‌లు తక్కువ, అంటే దాదాపు ఎనిమిదో వంతే. ఒకే మాట ముక్కను వెంటవెంటనే నాలుగు సార్లు పంపించి టవర్ వాటిని కలుపుకొని వినే ఏర్పాటు, ఇంజనీర్లు టీటీఐ బండ్లింగ్ అనేది, 4జీ తొలి ప్రమాణాల్లోనే ఉంది. మా టవర్‌లో దాన్ని ఆన్ చేశారా అని మూడు లేఖల్లోనూ అడిగాను. అవునని గానీ కాదని గానీ ఒక్కరూ చెప్పలేదు.

కవరేజీ లేని 24,680 ఊళ్ల కోసం 2022లో 26,316 కోట్లు మంజూరు చేశారు. సంతోషం. మా ఊరు ఆ లెక్కలోకి రాదట, ఎందుకంటే మాకు కవరేజీ ఉందట. 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు వెబ్‌సైట్లలో పెట్టిన మ్యాపులో కూడా మా గూడెం నిండు రంగులో మెరిసిపోతోంది. ఆ రంగు టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌ది. ఇటు నుంచి వెళ్లే సిగ్నల్‌కు కూడా ఒక మ్యాపు గీయించండి. తనిఖీ వాహనాన్ని రోడ్డు మీదే తిప్పి వెనక్కి పంపకుండా, ఇళ్లలోంచి, చవక ఫోన్‌తో, వానాకాలంలో కొలిపించండి.

అదంతా కాలయాపన అనుకుంటే, ఒక్క అధికారిని మా ఊరికి పంపండి. తన ఫోన్ కారులోనే వదిలేసి, చీకటి పడ్డాక పక్కింటి అత్త ఇంట్లో కూర్చొని, ఆమె బటన్ ఫోన్‌తో తమరి పేషీకే ఫోన్ చేసి మా ఊరి పేరు చెప్పమనండి. ఎన్నోసారికి వినబడిందో తమరే రాసుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
తాడ్వాయి మండలం, ములుగు జిల్లా