తెల్లారాక కూడా ఊదించండి

సంపాదకులకు నమస్కారం.

డ్రంక్ అండ్ డ్రైవ్ అనగానే రాత్రిపూట జంక్షన్లో బ్యారికేడ్లు, ఊపిరి ఊదించి మందు కొలిచే మిషను పట్టుకున్న కానిస్టేబులే గుర్తొస్తారు. బార్ మూసేశారు కదా అని ఒంట్లో మందు దిగిపోదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మనిషి ఒక క్వార్టర్ విస్కీ, అంటే 180 మి.లీ. తాగితే లోపలికి పోయేది దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. రక్తంలో లెక్క 125 మిల్లీగ్రాముల వరకూ వస్తుంది. లివరు గంటకి సుమారు 15 చొప్పునే తగ్గిస్తుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, తలారా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి 9కి మొదలుపెట్టినవాడు 30కి దిగేసరికి తెల్లవారుజాము మూడు దాటుతుంది. క్వార్టర్ మీద ఒక స్ట్రాంగ్ బీరు కూడా పడిందా, ఉదయం తొమ్మిదే. బరువు తక్కువైతే ఇంకా ఆలస్యం. 'పడుకుని లేచాను, దిగిపోయింది' అనుకుని స్టీరింగ్ పట్టుకునేది ఇలాంటివాళ్లే.

అందుకే మన విశాఖలో ఉదయం 5 నుంచి 8 మధ్య కూర్మన్నపాలెం, ఆనందపురం, ఫిషింగ్ హార్బర్ రోడ్లలో కూడా ఊదించాలి. స్కూలు బస్సులకైతే పోలీసులతో పనే లేదు: షెడ్డులో ఒక మిషను పెట్టి, ఊదాకే తాళం చేతికివ్వాలి.

రాత్రి తనిఖీకి ఇంకో చిక్కుంది. రుషికొండ నుంచి వచ్చేవాడికి సాగర్‌నగర్ దగ్గర ఆపుతున్నారని ఫోనొస్తే, ఎండాడ రోడ్డెక్కి హైవేలో తేలతాడు. బీచ్ రోడ్డులో ఒక బృందాన్ని నిలబెట్టిన రోజు ఎండాడలో రెండోది ఉండాల్సిందే. ఒకేచోట గంటకి మించి నిలబడితే ఆ సంగతి వాట్సాప్‌లో ఊరంతా తిరిగేస్తుంది.

మిషను సంగతి. తాగిన వెంటనే ఊదిస్తే నోట్లో మిగిలిన మందు అంకెను పెంచేస్తుంది. నోరు నీళ్లతో పుక్కిలింపించి, 15 నిమిషాలు ఆగాలి. ఒక్కొక్కరికి కొత్త గొట్టం వెయ్యాలి. చాలామంది బుగ్గల్లో గాలి వదిలి తప్పించుకోవాలని చూస్తారు; ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే గాలి కావాలి గనక, మిషను చాలనేదాకా ఆపకుండా ఊదించాలి. కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడడం) గడువు దాటిన మిషనుతో పట్టుకున్న కేసు కోర్టులో నిలవడం కష్టం.

185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలని 202వ సెక్షన్ చెబుతోంది, లేకపోతే వదిలెయ్యాల్సిందే. భీమిలి వైపు పట్టుకున్నవాళ్లని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో ముందే ఖాయం చేసుకోకపోతే ఆ రెండు గంటలూ దారిలోనే పోతాయి. రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు, స్పిరిట్ కూడా ఆల్కహాలే. రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న, రక్తం పాడవకుండా సోడియం ఫ్లోరైడ్ వేసిన గొట్టంలోకే తియ్యాలి. మామూలు గొట్టంలో నిల్వ ఉంటే లెక్క మారిపోతుంది. స్పిరిట్‌తో తుడిచారని తేలితే ఎదుటి లాయరుకి ఇంకేం కావాలి?

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం